డిగ్రీ తరగతిలో మనోవిజ్ఞాన శాస్త్రం: ఒక పాఠానికి ఉన్న చరిత్ర

బి.ఏ. తరగతిలో మనోవిజ్ఞాన శాస్త్రాన్ని ఒక పాఠ్యాంశంగా ఎన్నుకొన్న విద్యార్థి మొట్టమొదట చదివేది ఆ శాస్త్ర నిర్వచనం. గ్రీకు భాషలో 'సైకీ' అంటే ఆత్మ, 'లోగోస్' అంటే శాస్త్రం. కనుక ఇది ఒకప్పుడు ఆత్మను గురించిన శాస్త్రమనీ, తరువాత మనస్సును గురించినదనీ, ఆపైన చేతనను గురించినదనీ, చివరకు ప్రవర్తనను గురించినదనీ ఉపాధ్యాయుడు చెబుతాడు. ఈ శాస్త్రం తన సొత్తును ఒక్కొక్కటిగా పోగొట్టుకొంటూ వచ్చిందని అమెరికన్ పండితుడు ఉడ్‌వర్త్ చేసిన చమత్కారాన్ని కూడా చాలామంది ఉపాధ్యాయులు జోడిస్తారు. తరగతి నవ్వుతుంది, నోట్సులో రాసుకొంటుంది. ఆత్మ పోయిందని నవ్వుతూ రాసుకొనే ఆ పిల్లలలో ఫజ్ర్ నమాజు చేసి కాలేజీకి వచ్చినవారూ ఉంటారు. 'నఫ్స్' అనే మాట వారికి ఇంట్లోనూ మస్జిదులోనూ తరచు వినిపించేదే. ఆ మాటకూ ఈ పాఠానికీ ఉన్న సంబంధం మాత్రం పాఠ్యపుస్తకంలో కనిపించదు.

ఆ తరువాత మూడు సంవత్సరాలూ విద్యార్థి చదివేవి పాఠకులలో చాలామందికి తెలిసినవే. నాడీమండలం, సంవేదన, ప్రత్యక్షం, అభ్యసనం, స్మృతి, ప్రేరణ, ఉద్వేగం, ప్రజ్ఞ, మూర్తిమత్వం, శిశువు నుంచి వృద్ధాప్యం వరకు వికాసం, సాంఘిక ప్రవర్తన, మానసిక వ్యాధులు, కొంత గణాంక శాస్త్రం. ప్రయోగశాలలో అద్దంలో చూస్తూ నక్షత్రం గీయటం, బొమ్మలో సమానమైన రెండు గీతలు అసమానంగా ఎందుకు కనిపిస్తాయో కొలవటం, అర్థంలేని అక్షరాల జాబితాలు బట్టీపట్టి ఎన్ని మరచిపోయామో లెక్కవేయటం. ఇవన్నీ ఉపయోగకరమైన చదువులే, అందులో సందేహం లేదు. అయితే ఈ వరుస ప్రకృతి ధర్మంగా ఏర్పడినది కాదు. ప్రతి అధ్యాయానికీ ఒక ఊరు ఉంది, ఒక తేదీ ఉంది, అమర్చిన మనిషి ఉన్నాడు.

1879లో జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో విల్‌హెల్మ్ ఊంట్ నెలకొల్పిన ప్రయోగశాలను ఈ శాస్త్రపు జన్మస్థానంగా పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అర్థంలేని అక్షరాల జాబితా ఎబ్బింగ్‌హాస్ 1885లో ప్రకటించిన స్మృతి పరిశోధన నుంచి వచ్చింది. గీతల భ్రమను మ్యూలర్-లయర్ 1889లో వివరించాడు. ఊంట్ వద్ద చదువుకొన్న టిచ్‌నర్ అనే ఆంగ్లేయుడు 1892లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చేరి, 1901-1905 మధ్య విద్యార్థులకు వేరుగా, ఉపాధ్యాయులకు వేరుగా ప్రయోగశాలా పాఠ్యగ్రంథాలు వెలువరించాడు. నేటికీ మన కాలేజీలలో జరిగే ప్రయోగాల పద్ధతికి ఆ గ్రంథాలు ఒక మాతృక. 1913లో వాట్సన్ వచ్చి చేతన అనే మాటనే పక్కకు పెట్టి, కంటికి కనిపించే ప్రవర్తన చాలునన్నాడు.

ఈ శాస్త్రానికి చరిత్ర రాసినవారిలో అగ్రగణ్యుడు బోరింగ్. ఆయన టిచ్‌నర్ శిష్యుడు. 1929లో వెలువడిన ఆయన 'ప్రయోగాత్మక మనోవిజ్ఞాన చరిత్ర' గురువుకే అంకితం. ఆనాడు హార్వర్డ్‌లో మనోవిజ్ఞానం ఇంకా తత్త్వశాస్త్ర శాఖలోనే అంతర్భాగం; 1934లో గాని వేరు శాఖ కాలేదు. ఒకవైపు తత్త్వవేత్తల పెత్తనం, మరొకవైపు ప్రజ్ఞా పరీక్షలు అమ్ముకొనే అనువర్తిత వర్గం పలుకుబడి. ఈ రెంటి నడుమ ప్రయోగశాలకు ఒక వంశవృక్షం కావలసివచ్చింది. బోరింగ్ దానిని సమకూర్చాడు. అరిస్టాటిల్‌కు ఒక నమస్కారం, అక్కడి నుంచి దెకార్త్, లాక్ ప్రభృతుల మీదుగా లైప్‌జిగ్ దాకా ఒక దారి. తరువాతి పాఠ్యపుస్తకాల తొలి అధ్యాయాలు చాలావరకు ఆ దారినే నడిచాయి.

ముస్లిం విద్వాంసులను పాఠ్యపుస్తకం విస్మరించటం ఒక కుట్ర అని మన పత్రికలలో రాసేవారున్నారు. వాస్తవం అంతకంటె సాదాది. ఒక విశ్వవిద్యాలయంలో రెండు శాఖల మధ్య వచ్చిన తగవులో ఒక పక్షం రాసుకొన్న వాదపత్రం అది. కలకత్తాలోనూ కైరోలోనూ కర్నూలులోనూ దానిని చదివినవారికి ఆ తగవు సంగతి తెలియదు. అందువల్ల అరిస్టాటిల్ మరణించిన క్రీ.పూ. 322 మొదలు దెకార్త్ 'ధ్యానాలు' ప్రకటించిన 1641 వరకు మనిషి మనస్సును గురించి ఎవరూ ఏమీ ఆలోచించలేదన్న భావం విద్యార్థికి కలుగుతోంది.

ఆ రెండు వేల ఏళ్ళ ఖాళీలో ఏముందో స్థూలంగానైనా చూడాలి. ఇబ్నె సీనా (980-1037) తన బృహద్గ్రంథం 'షిఫా'లో నఫ్స్ గురించి ఒక సంపూర్ణ భాగం రాశారు. బయటి పంచేంద్రియాల వలెనే లోపల కూడా ఐదు శక్తులున్నాయని ఆయన సిద్ధాంతం. కన్నూ చెవీ వేరువేరుగా తెచ్చినవాటిని ఒకచోట కలిపేది ఒకటి, ఆ రూపాలను దాచేది ఒకటి, వాటిని విడదీసి కొత్తగా కూర్చేది ఒకటి, కంటికి కనిపించని అర్థాన్ని గ్రహించేది ఒకటి, ఆ అర్థాన్ని నిలుపుకొనే స్మృతి ఒకటి. నాలుగవదానికి ఆయన ఇచ్చిన ఉదాహరణ అందరూ గుర్తుంచుకోదగినది. గొర్రె తోడేలును చూస్తుంది. కంటికి కనిపించేది రంగూ ఆకారమూ మాత్రమే. శత్రుత్వానికి రంగు లేదు. అయినా గొర్రె పారిపోతుంది. ఆ శత్రుత్వాన్ని గ్రహించిన శక్తి ఏది? దానికి ఆయన పెట్టిన పేరు 'వహ్మ్'. ఈ గ్రంథభాగం పన్నెండవ శతాబ్దంలో స్పెయిన్‌లోని తులైతలా నగరంలో, అంటే నేటి టొలీడోలో, లాటిన్ భాషలోకి వెళ్ళింది. ఆ తరువాత తరాలపాటు యూరపు విశ్వవిద్యాలయాలలో విద్యార్థులు దానిని చదివారు. అంటే నఫ్స్ పాఠం ఒకప్పుడు పారిస్ తరగతులలో ఉన్నదే; తరువాతి కాలంలో తొలగిపోయింది.

ఇబ్నుల్ హైసమ్ (సుమారు 965-1040) సంగతి మరొకటి. 'కితాబుల్ మనాజిర్' రెండవ భాగంలో ఆయన చూపు అంటే కేవలం కంటి పని కాదన్నారు. చూసినదానిని మనస్సు వెనుకటి అనుభవంతో పోల్చి ఒక నిర్ణయానికి వస్తుంది. ఆ పోలిక ఎంత త్వరగా జరుగుతుందంటే అది జరిగినట్లు చూసేవానికే తెలియదు. క్షితిజం మీద చంద్రుడు పెద్దదిగా కనిపించటం కూడా ఇటువంటి అంచనా ఫలితమేనని ఆయన వివరించారు. 1860లలో హెల్మ్‌హోల్ట్జ్ ప్రతిపాదించిన 'అచేతన అనుమితి'ని బి.ఏ. విద్యార్థి ప్రత్యక్ష ప్రకరణంలో చదువుతాడు. రెంటికీ ఉన్న దగ్గరితనం ఎవరికైనా కనిపిస్తుంది.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. 1999లో ఒక పరిశోధకుడు ఇబ్నుల్ హైసమ్‌ను మనోభౌతిక శాస్త్రానికే ఆద్యునిగా ప్రకటిస్తూ వ్యాసం రాశారు. ఆ వ్యాసం మన వర్గాలలో బాగా ప్రచారం పొందింది. 2008లో దానికి వచ్చిన సమాధానంలో, ఇంద్రియానుభవాన్ని అంకెలతో కొలవటమే ఆ శాస్త్రపు జీవమనీ, ఇబ్నుల్ హైసమ్ చేసినది అది కాదనీ చూపబడింది. ఆ సమాధానమే సబబు. వెయ్యేళ్ళనాటి విద్వాంసునికి నేటి బిరుదు తగిలిస్తే ఆయన నిజంగా చేసిన పని మరుగున పడుతుంది. అమ్మారా, లవ్వామా, ముత్మయిన్నా అనే నఫ్స్ స్థితులను ఫ్రాయిడ్ చెప్పిన మూడు అంతరాలతో జతకట్టే అలవాటు కూడా ఇటువంటిదే. ఫ్రాయిడ్ చెప్పినవి ఒకే మనిషిలో ఎప్పుడూ పోరాడుకొనే భాగాలు. ఖుర్ఆన్ పదాలు ఒకే నఫ్స్ నైతికంగా పొందే స్థితులు. అది ఒక దాని నుంచి మరొక దానికి ప్రయాణం చేయగలదు. మూడూ మూడే అన్న లెక్క తప్ప వాటి మధ్య సామ్యం స్వల్పం.

ఇక ఈ చదువు మన దేశానికి వచ్చిన తీరు. మద్రాసు, కలకత్తా, బొంబాయి విశ్వవిద్యాలయాలు 1857లో ఏర్పడ్డాయి. ఆనాటి బి.ఏ.లో మనస్సును గురించిన పాఠం తత్త్వశాస్త్రంలో భాగంగా ఉండేది. తెలుగు జిల్లాల విద్యార్థులు 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడేవరకు మద్రాసు పరీక్షలకే వెళ్ళేవారు. తరువాతి కాలంలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులైన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1912లో మనోవిజ్ఞాన మూలాంశాల మీద ఇంగ్లీషులో ఒక చిన్న పాఠ్యగ్రంథం రాశారన్నది నేడు చాలామందికి గుర్తులేని సంగతి. స్వతంత్ర శాఖ తొలిసారిగా 1916లో కలకత్తాలో ఏర్పడింది; దాని అధ్యక్షులు నరేంద్రనాథ్ సేన్‌గుప్తా హార్వర్డ్‌లో చదివి వచ్చినవారు. 1924లో మైసూరు విశ్వవిద్యాలయం తన శాఖను ప్రారంభించింది. దానిని నడిపిన గోపాలస్వామి లండన్‌లో స్పియర్‌మన్ శిష్యులు. ఈ విధంగా హార్వర్డ్, లండన్ మీదుగా పాఠ్యప్రణాళిక యథాతథంగా దిగింది. తెలుగుదేశంలో మాత్రం ఒక విచిత్రం జరిగింది. 1967లో విశాఖపట్నంలో కె. రామకృష్ణారావుగారి చొరవతో ఏర్పడిన శాఖ పేరులోనే మనోవిజ్ఞానంతోపాటు పరామనోవిజ్ఞానం చేరింది. వాట్సన్ తలుపు మూస్తే ఇక్కడ కిటికీ తెరిచారన్నమాట.

రాధాకృష్ణన్ పుస్తకం వెలువడిన ఆ 1912లోనే లక్నోలోని కానింగ్ కాలేజీ నుంచి ఒక ముస్లిం యువకుడు తత్త్వశాస్త్రంతో బి.ఏ. పూర్తిచేశాడు. తరువాతి కాలంలో ఖుర్ఆన్ వ్యాఖ్యాతగా ప్రసిద్ధులైన మౌలానా అబ్దుల్ మాజిద్ దర్యాబాదీ (1892-1977) ఆయనే. దీనిపేట, నమాజు, రోజా గల ఇంట పుట్టి, పెద్దల వద్ద అరబీ ఫారసీ నేర్చిన ఆయన కాలేజీ రోజులలో విశ్వాసం పోగొట్టుకొని, సుమారు పదేళ్ళపాటు తాను ముస్లింను కానన్నంత దూరం వెళ్ళారు. దానికి దారితీసిన పుస్తకాలను ఆయన తన ఆత్మకథలో దాచకుండా చెప్పారు. వాటిలో ఒకటి ఆంగ్ల వైద్యుడు హెన్రీ మాడ్‌స్లీ మానసిక వ్యాధుల మీద రాసిన గ్రంథం. అందులో ప్రవక్త ముహమ్మద్ (స) వారికి కలిగిన వహీని మూర్ఛరోగంతో ముడిపెట్టిన ప్రస్తావన ఉంది.

ఈ ఘట్టం దగ్గర కొంచెం ఆగాలి. అటువంటి మాటలు క్రైస్తవ మిషనరీల పుస్తకాలలో అంతకుముందూ ఉన్నాయి. వాటికి జవాబు చెప్పటం ముస్లిం విద్యార్థికి అలవాటే. మాడ్‌స్లీ గ్రంథం అటువంటిది కాదు. అది మతఖండన గ్రంథం కాదు, వైద్యగ్రంథం. నరాలు, జ్ఞాపకశక్తి, ఉన్మాదం గురించి గంభీరంగా సాగుతున్న చర్చ మధ్యలో, ఒక ఉదాహరణగా, ఎవరితోనూ వాదించకుండా ఆ మాట దొర్లింది. పుస్తకంలో మిగిలినదంతా నిజమని ఒప్పుకొన్న పాఠకుడు ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం ఏ ఆధారంతో తోసిపుచ్చగలడు? శాస్త్రంలో ఏది పరిశీలన, ఏది పరిశీలకుని ఊహ అని వేరుచేయటం ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఆ నేర్పు లేకుండా ఆ చదువు చదవటంలో ఉన్న ప్రమాదం అది; చదువులో ఉన్న ప్రమాదం కాదు.

దర్యాబాదీ మనోవిజ్ఞానాన్ని విడిచిపెట్టలేదు. 1914లో ఉద్వేగాల మీద 'ఫల్సఫా-ఎ-జజ్బాత్' అనే ఉర్దూ గ్రంథం రాశారు. మరుసటి సంవత్సరం నాయకత్వ మనస్తత్వాన్ని గురించి ఆయన ఇంగ్లీషులో రాసిన పుస్తకం లండన్‌లో అచ్చయింది. అప్పటికి ఆయనకు ఇరవై మూడేళ్ళు. రూమీ మస్నవీ, అల్లామా షిబ్లీ రాసిన సీరత్ వంటి గ్రంథాల పఠనంతో ఆయన మళ్ళీ ఇస్లాం వైపు మళ్ళారు. ఈ మార్పు ఇంకా పూర్తికాని రోజులలోనే, 1917లో, ఆయన హైదరాబాదుకు వచ్చారు.

ఆనాటి హైదరాబాదు కథ మన విషయానికి చాలా ముఖ్యం. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. అంతకు ముందు ఏడాదే దానికోసం దారుల్ తర్జుమా, అంటే అనువాద విభాగం, పనిచేయటం ప్రారంభించింది. దర్యాబాదీ కొద్దికాలం అందులో ఉన్నారు. డిగ్రీ చదువంతా ఉర్దూలో నడపాలన్నది లక్ష్యం. 1948 వరకు అది అలాగే నడిచింది. పాశ్చాత్య మనోవిజ్ఞానాన్ని ఉర్దూలో చెప్పాలంటే మాటలు కావాలి. శాస్త్రం పేరే 'నఫ్సియాత్' అయింది. ప్రత్యక్షానికి 'ఇద్రాక్', స్మృతికి 'హాఫిజా', చేతనకు 'షుఊర్', ఉద్వేగానికి 'జజ్బా'. ఇద్రాక్, హాఫిజా వంటివి ఇబ్నె సీనా వాడిన మాటలే. లైప్‌జిగ్ ప్రయోగాలను చెప్పటానికి కొత్త మాటలు పుట్టించనక్కరలేకుండా ఒక పాత శాస్త్ర పరిభాష సిద్ధంగా దొరికింది. ఆ తరగతిలో కూర్చున్న విద్యార్థికి చరిత్ర అధ్యాయం ఏమి చెప్పినా, తన భాషలోని మాటే ఆ ఖాళీ అబద్ధమని చెబుతూ ఉండేది.

1968లో నెలకొల్పబడిన తెలుగు అకాడమీ డిగ్రీ పాఠ్యపుస్తకాలను తెలుగులోకి తెచ్చింది. ఇక్కడ కూడా అదే జరిగింది, మరొక దిక్కు నుంచి. 'ప్రత్యక్షం' న్యాయశాస్త్రంలోని ప్రమాణం పేరు. 'స్మృతి', 'ప్రజ్ఞ' కూడా పాత దర్శనాల మాటలే. తెలుగు మాధ్యమంలో చదివే ముస్లిం విద్యార్థికి అటు న్యాయశాస్త్రమూ తెలియదు, ఇటు ఇబ్నె సీనా పరిభాషా తెలియదు. రెండు తాళపుచెవులూ ఇంట్లోనే ఉన్నా తలుపు బయట నిలబడ్డవాని స్థితి అతనిది.

1929 జనవరిలో అల్లామా ఇక్బాల్ మద్రాసు, మైసూరు, హైదరాబాదులలో ఉపన్యసించారు. తరువాత పుస్తకరూపం దాల్చిన ఆ ప్రసంగాలలో విలియం జేమ్స్ పేరు, మనోవిజ్ఞాన ప్రస్తావన పలుచోట్ల వస్తాయి. ధార్మికానుభవాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించినవారిలో ఇబ్నె ఖల్దూన్‌ను ఆయన ముందువరుసలో నిలిపారు. 1932లో లండన్‌లో చేసిన, తరువాత ఏడవ ప్రసంగంగా చేరిన ఉపన్యాసంలో, దర్యాబాదీని కలచివేసిన ఆరోపణకే ఆయన జవాబు చెప్పారు. ఆ వాదం సారాంశం ఇది: ఒక అనుభవానికి శారీరక నేపథ్యం చూపినంత మాత్రాన దాని విలువ తేలిపోదు, ఒక వ్యక్తి అనుభవం మానవ చరిత్ర గతినే మార్చివేసి, బానిసలను నాయకులుగా తీర్చిదిద్దితే, దానికి రోగం పేరు పెట్టి ఊరుకోవటం శాస్త్రం కాదు, అసలు పరిశోధన అక్కడే మొదలుకావాలి. ఈ వాదాన్ని ఒప్పుకొన్నా ఒప్పుకోకపోయినా, మాడ్‌స్లీ వంటివారి పుస్తకం చదివే విద్యార్థి చేతిలో ఇది కూడా ఉండవలసింది. ఉపన్యాసం జరిగేటప్పటికి లక్నో విద్యార్థి చదువు ముగిసి ఇరవై ఏళ్ళు గడిచాయి.

స్వాతంత్ర్యానంతర కాలంలో ఈ ప్రశ్నను నేరుగా ఎత్తుకొన్నవారు సూడాన్ దేశీయులు డాక్టర్ మాలిక్ బద్రీ (1932-2021). బైరూత్‌లోని అమెరికన్ విశ్వవిద్యాలయంలో బి.ఏ., ఎం.ఏ. చదివి, ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో 1961లో డాక్టరేటు పొందారు. 1975లో అమెరికాలోని ముస్లిం సామాజిక శాస్త్రవేత్తల సభలో ఆయన చదివిన పత్రం శీర్షికలో ఉడుము కలుగు ప్రస్తావన ఉంది. వెనుకటి జాతులు ఉడుము కలుగులో దూరితే మీరూ దూరుతారన్న సుప్రసిద్ధ హదీసును ఆయన తన సహాధ్యాపకులకే వర్తింపజేశారు. ఈ పత్రమే పెరిగి 1979లో 'ముస్లిం మనోవైజ్ఞానికుల సందిగ్ధం' అనే పుస్తకమైంది. ఫ్రాయిడ్‌ను పాశ్చాత్యులే ప్రశ్నిస్తున్న రోజులలో ముస్లిం దేశాల ఉపాధ్యాయులు మాత్రం ఆయనను విమర్శ లేకుండా బోధిస్తున్నారన్నది ఆయన ప్రధాన ఆక్షేపణ. అలాగని ఆయన ప్రయోగశాలను తోసివేయలేదు. స్వయంగా ప్రవర్తనా చికిత్స చేసినవారు. అభ్యసనం, ప్రత్యక్షం, గణాంకాల పాఠాలతో ఆయనకు తగవు లేదు. మనిషి అంటే ఎవరన్న ప్రశ్నకు పాఠ్యపుస్తకం మౌనంగా ఇచ్చే జవాబుతోనే తగవు. ఆయన తరువాత చాలాకాలం బోధించిన మలేషియా అంతర్జాతీయ ఇస్లామీయ విశ్వవిద్యాలయంలో డిగ్రీ విద్యార్థులు రెండు వైపుల పాఠాలూ చదువుతారు.

మన దేశంలో కూడా ఈ మధ్య చిన్న మార్పు వచ్చింది. అధ్యాపక అర్హత కోసం యూజీసీ తరఫున జరిగే నెట్ పరీక్ష మనోవిజ్ఞాన ప్రణాళికలో మొదటి యూనిట్ భగవద్గీత, బౌద్ధం, సూఫీతత్వం, సమగ్ర యోగం అనే నాలుగు ప్రాచ్య సంప్రదాయాలతో ప్రారంభమవుతుంది. సూఫీతత్వానికి ఒక మాటంత చోటు దొరికింది. ఆ ఒక్క మాట కింద గజాలీ 'ఇహ్యా'లోని హృదయ వివరణ వస్తుందో, దర్గాల ఖవ్వాలీ వస్తుందో బోధించేవారి మీద ఆధారపడి ఉంది. ఇబ్నె సీనా, బల్ఖీ వంటివారు సూఫీలు కారు గనుక వారికి ఆ శీర్షిక కింద కూడా స్థలం లేదు.

ఈ బల్ఖీ విషయం కొంత చెప్పాలి. అబూ జైద్ బల్ఖీ (850-934) రాసిన 'మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్' దేహాలకూ మనసులకూ హితం చెప్పే గ్రంథం. శరీరానికి జబ్బు చేసినట్లే మనసుకూ చేస్తుందనీ, వైద్యులు దానిని పట్టించుకోవటం లేదనీ ఆయన ఫిర్యాదు. మనసు రుగ్మతలను నాలుగుగా విభజించారు: కోపం, భయం, దుఃఖం, వస్వాస్. దుఃఖంలో కారణం తెలిసినది ఒకటి, తెలియనిది ఒకటి అని వేరుచేసి, రెండవదానికి శరీరం వైపు నుంచి కూడా చికిత్స చూడాలన్నారు. ఇంట్లో ముందుగానే మందులు ఉంచుకొన్నట్లు, ఆరోగ్యంగా ఉన్నప్పుడే మంచి ఆలోచనలను సిద్ధంచేసి ఉంచుకొమ్మన్నారు. పదే పదే వుజూ చేస్తూ, చేసింది చెల్లిందో లేదోనని కుమిలిపోయే యువకులు మన మొహల్లాలలో ఉన్నారు. వారిని తాయెత్తుల కోసం తిప్పే తల్లిదండ్రులూ ఉన్నారు. వస్వాస్ చికిత్స చేయదగిన బాధ అని వెయ్యేళ్ళకు పూర్వం ఒక ముస్లిం విద్వాంసుడు రాశాడని ఆ ఇంటి పెద్దలకు చెప్పగలిగేది, డిగ్రీలో ఈ శాస్త్రం చదివిన ఆ ఇంటి అమ్మాయే. ఆ సంగతి ఆమె పుస్తకంలో ఉండాలి కదా.

బల్ఖీ గ్రంథపు రాతప్రతి ఇస్తాంబూల్‌లోని అయాసోఫియా సంచయంలో ఉండిపోయింది. 1984లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోని అరబ్-ఇస్లామీయ విజ్ఞాన చరిత్ర సంస్థ దాని ఛాయాప్రతిని అచ్చువేసింది. అందులో మనసుకు సంబంధించిన భాగాన్ని మాలిక్ బద్రీ ఇంగ్లీషులోకి అనువదించారు. ఆ అనువాదం 2013లో వెలువడే నాటికి ఆయన ఎనభై దాటినవారు.